కుండకో కుదురు: మనసు నిలవనప్పుడు యోగంలో ఏ దారి ఎవరికి?

బ్యాంకు ఉద్యోగంలో చేరి 19 ఏళ్లు, ఏడు ట్రాన్స్‌ఫర్లు. ఆర్డరు వచ్చిన రోజు మా ఇంట్లో ఏమేం జరుగుతాయో నాకు కంఠతా వచ్చు. నేను కుక్కర్‌కి వెయిట్ పెట్టడం మర్చిపోతాను. మా ఆయన పిల్లల స్కూలు రసీదుల ఫైలు వెతుకుతారు. పడుకోబోయే ముందు అత్తయ్యగారు “పోనీలేమ్మా, ఆ ఊళ్లో నీళ్లు బాగుంటాయట” అంటారు, ఏ ఊరైనా సరే.

ఏడో ఆర్డరు మాత్రం అలా నవ్వుకునేలా రాలేదు. అప్పటికి మామయ్యగారికి పక్షవాతం వచ్చి మూడు నెలలు, కుడివైపు పడిపోయింది. ఆ వారంలో అందరూ తలో సలహా ఇచ్చారు. పక్కింటావిడ కపాలభాతి, అంటే ఊపిరిని జోరుగా బయటికి కొట్టే క్రియ, చెయ్యమంది. మా తమ్ముడు పది రోజుల శిబిరానికి పొమ్మన్నాడు. బ్రాంచిలో అమ్మాయి నా ఫోన్లో ఒక యాప్ వేసిచ్చింది. మా అమ్మ బస్సు పార్సిల్లో రామకోటి పుస్తకం పంపింది. ఎవరికి వాళ్లు తాము చెప్పిందే యోగం అన్నారు. ఏది మొదలుపెట్టాలో తేలక ఆ వారం ఏదీ చెయ్యలేదు.

తర్వాత నాలుగేళ్లలో ఇవన్నీ కొన్నాళ్లు కొన్నాళ్లు చేసి చూశాను. శిబిరం ఒక్కటి నేను వెళ్లలేదు, తమ్ముడు వెళ్లాడు. నేను యోగా టీచర్ని కాను. అదే తికమకలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా అమ్మమ్మ ఇంట్లో నీళ్ల కుండ కింద గడ్డితో చుట్టిన కుదురు ఉండేది. కుండ అడుగు గుండ్రం, ఉత్త నేల మీద పెడితే ఒరిగిపోతుంది. కుండ ఆకారం మార్చాలని ఎవరూ అనుకోలేదు, కింద కుదురు పెట్టారు. మనసు కుదుటపడటం, కుదురుగా కూర్చోవడం అని మనం రోజూ అంటూనే ఉంటాం. కుండ సైజును బట్టే కుదురు చుడతారు కాబట్టి, ‘ఏ యోగం గొప్పది’ అన్న ప్రశ్న పక్కన పెట్టేద్దాం.

పతంజలి కూడా పక్కన పెట్టినట్టే కనిపిస్తుంది. యోగసూత్రాల మొదటి పాదంలో 34 నుంచి 39 వరకు వరసగా ఆరు సూత్రాల్లో ‘వా’ అనే మాట వస్తుంది. ‘వా’ అంటే ‘లేదా’. ఊపిరిని బయటికి వదిలి నిలపడం వల్ల గానీ, ఏదైనా ఇంద్రియానుభవం మీద మనసు నిలవడం వల్ల గానీ, శోకం లేని లోవెలుగు వల్ల గానీ, రాగం వదిలినవారి మనసును ఊతగా పట్టుకోవడం వల్ల గానీ, కలలోనూ నిద్రలోనూ కలిగే ఎరుక వల్ల గానీ అంటూ వెళ్లి, ఆఖరికి “యథాభిమతధ్యానాద్వా” అంటాడు. నీకు ఏది ఇష్టమైతే దాన్ని ధ్యానించడం వల్ల గానీ అని. ఇంత ఉదారంగా చెప్పినాయన, ఈ వరస మొదలుపెట్టడానికి రెండు సూత్రాల ముందే “ఏకతత్త్వాభ్యాసః” అని ఒక షరతు పెట్టాడు. ఏదో ఒక్కదాన్నే పట్టుకుని సాధన చెయ్యాలి. ఎంచుకునే స్వేచ్ఛ పూర్తిగా మనదే, కానీ ఎంచుకున్నాక రోజుకొకటి మార్చడం కుదరదు. నేను మొదటి ఆరు నెలలు చేసిన తప్పు సరిగ్గా అదే.

## ముందు చూసుకోవాల్సినవి

అలజడి ఎక్కడ బయటపడుతోంది? మనసు చెదిరినప్పుడు వెంట వచ్చేవి నాలుగని 31వ సూత్రం చెబుతుంది: దుఃఖం, దౌర్మనస్యం (మనసు కుంగడం), ఒళ్లు వణకడం, ఊపిరి గతి తప్పడం. మన ఇళ్లలో ఆడవాళ్లు సూత్రాలేవీ చదవకుండానే ఇదంతా చెప్పారు. “కాళ్లూ చేతులూ ఆడటం లేదు” అంటే ఒంట్లో ఉందని. “ఊపిరాడటం లేదు” అంటే శ్వాసలో ఉందని. “మనసు మనసులో లేదు” అంటే ఆలోచనల్లో ఉందని. గత నెలలో మీరు ఈ మూడింట్లో దేన్ని ఎక్కువసార్లు అన్నారో గుర్తు తెచ్చుకోండి. ఎంపికలో సగం అక్కడే తేలిపోతుంది.

చెడ్డ రోజున చెయ్యగలమా? నాకు అన్నిటికంటే ముఖ్యమైన కొలత ఇది. ఆదివారం పొద్దున ఫ్యాన్ కింద ఎవరైనా చేస్తారు. రైలు మూడు గంటలు లేటైన రోజు, పిల్లాడికి జ్వరం వచ్చిన రోజు, ఆడిటర్లు కూర్చున్న రోజు ఆ సాధనలో కనీసం పదో వంతైనా మిగులుతుందా?

తప్పుగా చేస్తే ఎంత నష్టం? జపం తప్పితే లెక్క తప్పుతుంది. శీర్షాసనం తప్పితే మెడ పోతుంది. గురువు ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

సమయం, ఖర్చు, మీ నమ్మకాలకు సరిపడుతుందా అన్నవి ఎలాగూ ఉన్నాయి. దేవుడంటే నమ్మకం లేని మనిషికి జపం అంటగడితే నాలుగు రోజుల్లో మానేస్తాడు, పైగా యోగమంతా ఇంతేనని తీర్మానిస్తాడు.

| దారి | ఎక్కడ పట్టు దొరుకుతుంది | రోజుకు సమయం | చెడ్డ రోజున | గురువు |
|---|---|---|---|---|
| ఆసనాలు | ఒళ్లు | 30–60 నిమిషాలు | కష్టం | మొదట్లో తప్పనిసరి |
| నెమ్మది ప్రాణాయామం | ఊపిరి, గుండెదడ | 5–20 నిమిషాలు | ఎక్కడైనా అవుతుంది | కొన్ని రోజులు చాలు |
| యోగనిద్ర | నిద్ర, అలసట | 20–40 నిమిషాలు | పడుకునే చోటుంటే అవుతుంది | ఆడియో చాలు |
| ఇంట్లో ధ్యానం | ఆలోచనలు | 20–60 నిమిషాలు | ఆ రోజే అన్నిటికంటే కష్టం | ఉంటే మేలు |
| పది రోజుల శిబిరం | ఆలోచనలు, పాత అలవాట్లు | 12 రోజుల సెలవు, తర్వాత రోజూ రెండు గంటలు | వర్తించదు | అక్కడే ఉంటారు |
| జపం, రామకోటి | ఆలోచనలు, దిగులు | ఎంతైనా | సులువు | అక్కర్లేదు |
| కర్మయోగం | ఫలితం గురించిన బెంగ | విడిగా సమయం లేదు | చెడ్డ రోజు కోసమే ఉంది | మంచి వ్యాఖ్యానం చాలు |

## ఆసనాలు: ఒళ్లు బిగుసుకున్నవాళ్లకు

సాయంత్రానికి భుజాలు చెవుల దాకా వచ్చేసేవాళ్లు, పళ్లు కొరుక్కుంటూ నిద్రపోయేవాళ్లు ఇక్కడ మొదలుపెడితే మంచిది. అలాంటివాళ్లను మొదటి రోజే కళ్లు మూసుకుని కూర్చోమంటే నరకం. ఒంట్లో బిగువు కాస్త వదిలాకే ఏదైనా. పతంజలి ఆసనానికి ఇచ్చిన నిర్వచనంలో ఉన్నవి రెండే లక్షణాలు, స్థిరం, సుఖం. పాదం తల వెనక్కి వెళ్లాలని ఎక్కడా లేదు.

క్లాసుకి వెళ్లడంలో ఇంకో లాభం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు. కొత్త ఊళ్లో బ్రాంచి బయట నన్ను పేరుపెట్టి పిలిచిన మొదటి ముగ్గురూ యోగా క్లాసువాళ్లే. గ్యాస్ కనెక్షన్ ఎక్కడ మార్పించాలో, ఏ పాలవాడు నీళ్లు కలపడో వాళ్లే చెప్పారు. ఊరు మారినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. భోజనం చేశాక మూడు నాలుగు గంటలు ఆగాలి, చాప పరిచే చోటు కావాలి, బట్టలు మార్చుకోవాలి. ఇల్లు తలకిందులైన రోజున ముందుగా పోయేది ఇదే. శీర్షాసనం, సర్వాంగాసనం లాంటివి బీపీ, గ్లకోమా, మెడ నొప్పి ఉన్నవాళ్లకు వద్దు. మోకాళ్లు వంగని పెద్దవాళ్లకు కుర్చీ, బెల్టు, దిమ్మల సాయంతో చేయించే అయ్యంగార్ పద్ధతి బాగుంటుంది. నేర్పేవాళ్లు మీ ఊళ్లో ఉన్నారేమో అడగండి.

2025 జూన్ 21న విశాఖ బీచ్‌లో లక్షలమంది ఒకేసారి ఆసనాలు వేశారు. మా బ్రాంచి నుంచి కూడా వెళ్లొచ్చారు, ఫొటోలు బాగున్నాయి. జూన్ 22న ఎంతమంది చాప పరిచారో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

## ప్రాణాయామం: ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే

ముందు పక్కింటావిడ సలహా సంగతి. టీవీలో చూసి బాల్కనీలో నిలబడి కపాలభాతి మొదలుపెట్టాను. ఎంత జోరుగా చేస్తే అంత మంచిదనుకున్నాను. రెండు నిమిషాల్లో పెదాల చుట్టూ తిమ్మిరెక్కి, కళ్లు తిరిగి, బట్టలారేసే తీగ పట్టుకుని కూర్చున్నాను. జోరుగా ఊపిరి తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి అలా అవుతుందని తర్వాత తెలిసింది. ఇంకోటీ తెలిసింది: హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం కపాలభాతిని ప్రాణాయామాల్లో చేర్చలేదు, ధౌతి, నేతిలాంటి ఆరు శుద్ధి క్రియల్లో ఒకటిగా చెప్పింది. అది చురుకు పుట్టించే క్రియ. అప్పటికే గుండె దడదడలాడుతున్న మనిషికి చురుకెందుకు? బీపీ, గుండె జబ్బు, హెర్నియా, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్య పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు కపాలభాతి, కొలిమితిత్తిలా ఊపిరి ఆడించే భస్త్రిక జోలికి పోకూడదు.

అలజడికి పనికొచ్చేది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన నెమ్మది ప్రాణాయామం. దీని వెనుక కిటుకు అర్థమయ్యేదే. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. వదలడాన్ని పొడిగిస్తే మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ద్వారా గుండెకు నెమ్మదించమన్న కబురు ఎక్కువసేపు అందుతుంది. మామూలుగా పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. నాలుగు అంకెలు పీల్చి ఆరు అంకెలు వదిలితే ఒక ఊపిరికి 10 సెకన్లు, నిమిషానికి ఆరు. బిగబట్టే పని లేదు కాబట్టి బీపీ ఉన్నవాళ్లకూ ఇబ్బంది ఉండదు.

ఒక జనవరిలో మామయ్యగారికి నిమ్ము చేసి ఐసీయూలో పెట్టారు. రాత్రి ఒంటిగంట. బయట వరసగా బిగించిన స్టీలు కుర్చీలు, ఒకటి ఊగితే అన్నీ ఊగేవి. పక్క కుర్చీలో ఎవరో ముసలాయన తలకింద టిఫిన్ క్యారియర్ సంచి పెట్టుకుని నిద్రపోతున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి మెషీన్ల కూత వినపడేది, మళ్లీ మూసుకునేది. ఫోన్లో చార్జింగ్ లేదు, యాప్ లేదు, చాప లేదు. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. వేలికి మూడు, మొత్తం 12. కణుపుకో ఊపిరి. 12 అయితే రెండు నిమిషాలు. ఎన్ని చుట్లు తిరిగానో గుర్తులేదు. నర్సు వచ్చి “అటెండర్ ఎవరు?” అన్నప్పుడు లేచి నిలబడితే కాళ్లు వణకలేదు. మందుల చీటీ చదివి, ఏది రెండు పూటలో ఏది మూడు పూటలో తిరిగి అడిగి తెలుసుకునేంత తెలివి మిగిలింది. ఆ రాత్రి నాకు కావాల్సింది అంతే.

భ్రామరి కూడా ఇలాంటిదే. తుమ్మెదలా ఝుంకారం చేస్తే ఊపిరి దానంతటదే పొడుగవుతుంది. ఆఫీసులో చేస్తే మాత్రం పక్కసీటువాళ్లు తిరిగి చూస్తారు. ముక్కు రంధ్రాలు మార్చి మార్చి ఊపిరి తీసే నాడీశోధనం ఇంట్లో పొద్దున్నకు బాగుంటుంది.

లోటు కూడా చెప్పాలి. ప్రాణాయామం ఆ గంటను గట్టెక్కిస్తుంది, ఆ గంట ఎందుకొచ్చిందో మాత్రం చూపించదు. ఎవరితోనో తేల్చుకోవాల్సిన మాట ఉంటే, నాలుగూ ఆరూ లెక్కపెట్టుకుంటూ ఏడాది వాయిదా వెయ్యొచ్చు. నేను వేశాను.

## యోగనిద్ర

నిద్ర చెడినవాళ్లకు, అలిసిపోయి ఆసనాలు వెయ్యలేనివాళ్లకు ఇది. ఈ రోజు ఎక్కువగా దొరికే పద్ధతి ముంగేర్‌లోని బిహార్ స్కూల్ ఆఫ్ యోగా స్థాపించిన స్వామి సత్యానంద సరస్వతి రూపొందించింది. శవాసనంలో పడుకుని, మనసులో ఒక సంకల్పం చెప్పుకుని, కుడి బొటనవేలితో మొదలుపెట్టి గొంతు చెప్పినట్టల్లా ఒక్కొక్క అవయవం మీదుగా ధ్యాస నడిపించడమే. మధ్యలో నిద్రపోతే ఏం చెయ్యాలని అందరూ అడుగుతారు. నిద్రే కరువైన మనిషి నిద్రపోతే సంతోషించాలి. అయితే రోజూ గురకే అయితే అది నిద్ర, సాధన అనుకోవద్దు. కళ్లు మూసి పడుకోగానే పాత భయాలు మీదికొచ్చేవాళ్లకు ఇది పడదు. అలాంటివాళ్లు కదలిక ఉన్న సాధనకే వెళ్లాలి.

## ధ్యానం: ఇంట్లోనా, శిబిరంలోనా?

మనసును ఆపడం గాలిని ఆపడమంత కష్టమని గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు మొరపెట్టుకుంటాడు. కృష్ణుడు కాదనడు. కష్టమే, అభ్యాసంతో, వైరాగ్యంతో పట్టుబడుతుందంటాడు. ధ్యానం గొడవలు లేని రోజుల్లో మొదలుపెట్టి, గొడవలొచ్చేనాటికి చేతికి అందేలా ఉంచుకోవాల్సినది. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వమన్నట్టు, ఏడోదానికి ముందు ఒక ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన రాత్రి మొదలుపెడితే నాలుగు నిమిషాలకే లేచి ప్యాకర్స్ వాళ్లకి ఫోన్ చేశాను.

ఒంటరిగా కుదరనివాళ్లకు ఉచితంగా నేర్పే చోట్లున్నాయి. హార్ట్‌ఫుల్‌నెస్ అనే ధ్యాన సంస్థవాళ్ల ప్రధాన కేంద్రం కన్హా శాంతి వనం హైదరాబాద్ దగ్గరే ఉంది. అక్కడ గుండెలో వెలుగు ఉన్నట్టు భావిస్తూ కూర్చోమంటారు. శిక్షకులు ధ్యానంలో ప్రాణాహుతి అనే యోగశక్తిని ప్రసరింపజేస్తారని వాళ్ల విశ్వాసం. ఆ మాట మీకు సరిపడితే వెళ్లండి, ఇబ్బందిగా ఉంటే ఇంకో దారి చూడండి.

పది రోజుల శిబిరం అనగానే మనవాళ్లు చెప్పేది ధ్యాన గురువు ఎస్.ఎన్. గోయెంకా పద్ధతిలోని విపశ్యన, అంటే ఒంట్లో కలిగే అనుభూతుల్ని గమనించే ధ్యానం. అది బుద్ధుడి బోధ అంటారు, యోగమని పిలవరు. అయినా మన సంభాషణల్లో యోగా లిస్టులోనే ఉంటుంది కాబట్టి ఇక్కడ చేర్చాను. హైదరాబాద్‌లో వనస్థలిపురం దాటాక నాగార్జునసాగర్ రోడ్డు మీద, సాగర్‌లో, ఏలూరు దగ్గర విజయరాయిలో కేంద్రాలున్నాయి. పొద్దున నాలుగింటికి గంట కొడతారు. రోజుకు పది గంటలకు పైగా కూర్చోవాలి. ఫోను, పుస్తకం, పెన్ను ఉండవు. పక్కవాళ్లతో మాటే కాదు, సైగలు కూడా కూడదు. మొదటి మూడు రోజులు ఊపిరిని గమనించడమే, అసలు విపశ్యన నాలుగో రోజు మొదలు. కొత్తవాళ్లకు సాయంత్రం పండ్లు, మరమరాలు, టీ, అంతే. ఫీజు లేదు, పూర్తిచేసినవాళ్లు ఇష్టమైతే విరాళం ఇస్తారు. వెళ్లే రోజు, వచ్చే రోజు కలిపి 12 రోజుల సెలవు పెట్టుకోవాలి.

మా తమ్ముడు పెట్టిన వ్యాపారం మూతపడ్డ ఏడు నెలలకు వెళ్లాడు. రెండో రోజు మోకాళ్లు, మూడో రోజు కోపం, ఆరో రోజు ఎందుకో తెలియని ఏడుపు అని చెప్పాడు. వచ్చాక మనిషి మాట తీరే మారింది, అమ్మ ఆశ్చర్యపోయింది. ఇంట్లో పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోవాలని అక్కడ చెబుతారు. నాలుగు నెలలు కూర్చున్నాడు. కొత్త ఉద్యోగం, రెండు గంటల ట్రాఫిక్ మొదలయ్యాక పొద్దుట పూట అరగంటకు దిగింది. అదీ లెక్కలో వేసుకోవాలి. శిబిరంలో కుదిరిన మనసు శిబిరం దినచర్య మీద కూడా ఆధారపడి ఉంటుంది.

నా అభిప్రాయం ఏమిటంటే, దెబ్బ తగిలిన వెంటనే వెళ్లొద్దు, కాస్త తేరుకున్నాక వెళ్లండి. తీవ్రమైన మానసిక సమస్యలున్నవాళ్లకు సరిపడదని ఆ కేంద్రాలే దరఖాస్తులో ఆరోగ్య వివరాలు అడుగుతాయి, అక్కడ దాచొద్దు.

## జపం, రామకోటి

అమ్మ పంపిన పుస్తకాన్ని మొదట బీరువా పైన పెట్టేశాను. మూడేళ్ల తర్వాత కిందికి దించాను. గడికో ‘శ్రీరామ’. రోజుకు వెయ్యి రాస్తే కోటి పూర్తవడానికి పది వేల రోజులు, అంటే 27 ఏళ్ల పైమాటే. ఈ లెక్క అమ్మకు చెబితే, “తొందరేముంది, భద్రాచలం ఎక్కడికీ పోదుగా” అంది. ఆవిడ మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక కళ్లజోడు పెట్టుకుని, ఎర్ర పెన్నుతో, పెదాలు కదుపుతూ రాస్తుంది. చెయ్యి, కన్ను, నాలుక మూడూ ఒకే మాట మీద ఉంటే మనసు తప్పించుకోవడానికి సందు తక్కువ. ఎక్కడ ఆపితే అక్కడి నుంచి మళ్లీ రాసుకోవచ్చు. కరెంటు, ఇంటర్నెట్, ఖాళీ కడుపు ఏదీ అక్కర్లేదు. చెడ్డ రోజు పరీక్షలో దీనికి నూటికి తొంభై.

భక్తి లేకపోతే ఇది బడిలో ఇంపొజిషన్ రాసినట్టే ఉంటుంది. భక్తి ఉన్నా, అంకె మీదికి దృష్టి పోతే కష్టమే. మా చుట్టాల్లో రామకోటి పోటీలు చూశాను.

## కర్మయోగం, దాన్ని వాడుకునేవాళ్లు

“సమత్వం యోగ ఉచ్యతే” అని గీత రెండో అధ్యాయం. పని జరిగినా జరగకపోయినా సమంగా ఉండటమే యోగమని. దీనికి చాప లేదు, టైము లేదు. మామయ్యగారికి చెంచాతో రాగిజావ పట్టేటప్పుడు నాకు ఇది కొంచెం అర్థమైంది. ‘ఎప్పటికి లేచి నడుస్తారు’ అని మనసులో ఉంటే, ఆయన రెండో చెంచా పక్కకు కార్చుకోగానే చిరాకొచ్చేది. ‘ఇవాళ ఈ గిన్నె’ అనుకున్న రోజు అదే జావ, అదే కార్చుకోవడం, చిరాకు మాత్రం సగం. రోగిని చూసుకునేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే యోగం నాకు కనపడలేదు.

కానీ దీన్నే మన సమాజం ఎదుటివాళ్ల నోరు మూయించడానికి వాడుతుంది. జీతం పెంచమంటే ఫలం ఆశించకు, ఇంటి పని పంచుకోమంటే ఫలం ఆశించకు. ఆ మాట అర్జునుడికి చెప్పిందే లేచి యుద్ధం చెయ్యడానికి. అన్యాయాన్ని సమంగా భరించమని ఎవరైనా మీకు కర్మయోగం బోధిస్తుంటే, వాళ్ల వాటా పని ఎంతో ముందు అడగండి.

## మీరు ఎవరు?

రాత్రి షిఫ్టులో ఉంటే పొద్దున ఆరింటి క్లాసుల గురించి మర్చిపోండి, అది మీకు అర్ధరాత్రి. ఇంటికొచ్చాక యోగనిద్ర, వారాంతంలో ఆసనాలు.

రోగిని చూసుకుంటుంటే గంట సాధన పెట్టుకుని అది కుదరలేదని ఇంకో బాధ తెచ్చుకోవద్దు. కణుపుల లెక్క, కర్మయోగం చాలు. వారానికి ఒక్కరోజు ఎవరినైనా కూర్చోబెట్టి మీరు క్లాసుకి వెళ్లగలిగితే వెళ్లండి, ఆసనాల కోసం కాకపోయినా నలుగురి మొహాలు చూడటం కోసం.

అమెరికాలో హెచ్1బీ వర్క్ వీసా మీద ఉండి లేఆఫ్ అయితే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. అందులో 12 రోజులు ఫోను ఆపేసి శిబిరానికి పోవడం తెలివైన పని కాదు. పొద్దున ఆసనాలు, ప్రతి ఇంటర్వ్యూకి ముందు ఐదు నిమిషాల నెమ్మది ఊపిరి, అంటే సరిగ్గా 30 ఊపిరులు. శిబిరం ఉద్యోగం దొరికాక.

రిటైరయినవాళ్లకు సమయం ఉంది, ఒళ్లే సహకరించదు. కుర్చీ ఆసనాలు, ధ్యానం. అకస్మాత్తుగా ఖాళీ అయిన రోజుకు ఒక వేళాపాళా ఏర్పడటమే వీళ్లకు పెద్ద లాభం. ఆ పదిరోజుల శిబిరానికి అన్నిటికంటే తగినవాళ్లు కూడా ఆరోగ్యం బాగున్న కొత్త రిటైరీలే.

మనిషిని పోగొట్టుకుంటే మొదటి నెలల్లో మౌనంగా కూర్చునే సాధనలు వద్దంటాను. నడక, జపం, నలుగురితో కలిసి చేసే ఆసనాలు. దుఃఖాన్ని యోగంతో తొందరగా తేల్చెయ్యాలని చూడొద్దు, ఏడుపొస్తే చాప మీదే ఏడవండి.

యోగంతో తేలనివీ ఉంటాయి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, నిద్రాతిండీ పోతే, బతకడం ఎందుకనిపిస్తే డాక్టర్ని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. మందులు వాడుతుంటే యోగం మందులతోపాటే, మందులకు బదులు కాదు. మందులు ఆపెయ్యమనే గురువు దగ్గర, పై లెవెల్‌కి లక్ష కట్టమనే గురువు దగ్గర చెప్పులు విప్పకుండానే వెనక్కి రావచ్చు.

## తేలకపోతే

ఒకటి ఎంచుకుని మండలం రోజులు చూడండి. అయ్యప్ప దీక్షకు 41 రోజులు ఉండగలిగిన ఇంట్లో ఇది కొత్తేం కాదు. రోజూ రాత్రి రెండే ప్రశ్నలు: ఇవాళ చేశానా? ఇవాళ ఎవరిమీదైనా అరిచానా? రెండోదానికి జవాబు మీరు చెప్పుకోవడం కంటే పిల్లల్ని అడిగితే నిజం తెలుస్తుంది. 41 రోజుల్లో పాతికైనా చెయ్యలేకపోతే ఆ సాధన మీ ఇప్పటి జీవితానికి సరిపడలేదని అర్థం, మీరు పనికిరారని కాదు. జీవితం మారితే మళ్లీ చూడొచ్చు. నాకు ఆసనాలు మూడో ఊళ్లో కుదిరాయి, ఐదో ఊళ్లో పోయాయి, ఇప్పుడు మళ్లీ వారానికి మూడు రోజులు.

మా వంటింట్లో ఫ్రిజ్ పక్కన క్యాలెండర్ వేలాడుతుంది. చేసిన రోజున తేదీ పక్కన చుక్క. పోయిన నెలలో 19 చుక్కలు. చుక్క పెట్టే పని ఈమధ్య మామయ్యగారు తీసుకున్నారు. రాత్రి జావ అయ్యాక ఆయన కుర్చీ అక్కడికి తోస్తే, పెన్ను ఇవ్వమని వేలు చూపిస్తారు. కుడి చెయ్యి ఇంకా రాలేదు, ఎడం చేత్తో పెడతారు. ఒక్కోసారి పక్క తేదీ గడిలో పడుతుంది.